ఆఖరి బిళ్ళ

"సంగటి ఆరిపోతా ఉండాది. తింటావా, తీసి లోపల పెట్టేదా?"

మా ఆవిడ అడగడం ఇది రెండోసారి. నేను ఫోను చూస్తున్నాను. యూరప్‌లో ఎక్కడో, పేరు పలకడానికి నోరు తిరగని ఊళ్ళో, మా లైనువాడొకడు టెన్నిస్ ఆడుతున్నాడు. మగవాళ్ళ సింగిల్స్, రెండో రౌండు. టీవీలో చూపించేంత టోర్నమెంటు కాదు, పేపరువాళ్ళు పట్టించుకునేదీ కాదు. ఫోనులో అంకెలు మాత్రం మారుతుంటాయి. ఆ అంకెలు నిలబడితే గాని నాకు ముద్ద దిగదు.

"టెన్నిస్సంటే మొగం చిట్లించుకునే మనిషివి. దానికోసరం పస్తుండేదేందో!" అంటూ గిన్నె మీద మూత పెట్టింది.

ఆమె అన్నది నిజమే. నాకు టెన్నిస్ అంటే పడదు. పదిహేను, ముప్పై తర్వాత నలభై ఎందుకొస్తుందో ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. నన్ను ఈ రొంపిలోకి దించింది పక్కింటి అవ్వ. పోయిన మామిడికాయల కాలంలో తను దర్జాగా వెళ్ళిపోయింది, ఈ పస్తుండే రోగం మాత్రం నాకు అంటించి పోయింది.

మాది కేజీఎఫ్‌లో మైనువాళ్ళు కార్మికుల కోసం కట్టిన లైను. గోడకి గోడ ఆనుకుని వరసగా చిన్న చిన్న ఇళ్ళు. ఇక్కడ తుమ్మితే నాలుగో ఇంట్లోంచి "చిరంజీవ" అంటారు. మా తాతా, అవ్వ మొగుడూ చిత్తూరు పక్క ఒకే పల్లెనుంచి బంగారు గనిలో పనికి వచ్చినవాళ్ళు. పక్కపక్కనే ఇళ్ళిచ్చారు. అలా అవ్వ మాకు చుట్టం కాకపోయినా చుట్టం కన్నా ఎక్కువ పెత్తనం చేసేది.

పొట్టి మనిషి. కళ్ళద్దాలకు ఒకవైపు కాడ ఊడిపోతే దారం కట్టి చెవికి చుట్టుకునేది. కొత్తది చేయిస్తామంటే, "దారం ఊడేది లేదు, కాడ ఊడతాది" అనేది. ఇంట్లో సోఫా ఉన్నా ఎప్పుడూ గడప పక్కన పీట వేసుకునే కూర్చునేది. టీవీ చూసినా అక్కణ్ణుంచే. ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను వీధి మీద. లోపలికొచ్చి కూర్చోమంటే కసిరేది.

"లోపల కూర్చుంటే వచ్చేవోళ్ళు యాడ కనిపిస్తారప్పా?"

వచ్చేవాళ్ళను చూడటమే ఆమె పని. పెళ్ళయి ఈ లైనుకొచ్చిన నాటినుంచీ అదే పని. గనిలోకి దిగే మనిషి షాఫ్టు దగ్గర బోర్డు మీదనుంచి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని జేబులో వేసుకునేవాడట. పని ముగించుకుని కేజీలో, అంటే ఇనుప బోను లాంటి లిఫ్టులో, పైకొచ్చాక దాన్ని మళ్ళీ తన మేకుకే తగిలించేవాడట. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. లైనులో ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. తమ లైను మగవాళ్ళలో ఆఖరివాడు పైకొచ్చి వీధి మలుపులో కనబడేదాకా ఏ ఇంట్లోనూ ఎవరూ కంచం ముందు కూర్చోకూడదు. నా మొగుడొచ్చేశాడు, నేను తింటాను అంటే కుదరదు.

ఆ కట్టుబాటు ఎలా వచ్చిందో అవ్వే నాకు చెప్పింది. ఒకసారి మా జేజి, అంటే మా నాయనమ్మ, ఆకలికి ఓర్చుకోలేక షిఫ్టు దిగకముందే తినేసింది. కడుపుతో ఉన్న మనిషి, తినక ఏం చేస్తుంది? ఆ రోజే లోపల రాయి పగిలింది. అందరి బిళ్ళలూ బోర్డెక్కాయి, మా తాతది ఎక్కలేదు. తను తినడం వల్లే అలా జరిగిందని జేజి ఏడ్చి ఏడ్చి అన్నం ముట్టడం మానేస్తే, ఆమెను బతికించడానికి ఆడవాళ్ళంతా ఒక మాట అనుకున్నారు. ఇకమీదట ఎవరూ ఒంటరిగా తినొద్దు, ఎవరూ ఒంటరిగా ఎదురుచూడొద్దు. అందరం కూర్చుందాం, అందరం తిందాం.

"మీ జేజిని నడీదిలో మా మధ్యన కూర్చోబెట్టుకొని తినిపించేవోళ్ళం. ఆమెకి మొగుడు రాడని తెలుసు. అయినా మా మొగోళ్ళ కోసరం మాతో బాటే కూర్చొనేది. అదీ మనిషంటే" అని చెప్పి అవ్వ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేనూ అటు తిరిగి ముక్కు చీదుకున్నాను.

గని మూసేశారు. అవ్వ మొగుడు హాయిగా ముసలివాడై మంచం మీదే పోయాడు. ఎదురుచూడటానికి ఎవరూ లేక, తినడానికి అడ్డేమీ లేక అవ్వకు తోచేది కాదు. అప్పుడు దొరికాను నేను. నాకు బెంగళూరులో ఉద్యోగం. తెల్లారకముందే రైలెక్కి పోవడం, చీకటి పడ్డాక రైలు దిగి రావడం. లైనులో ఆఖర్న ఇల్లు చేరేది నేనే. గడప దగ్గర పీట మీద ఆమె ఉండేది. నేను మలుపు తిరగ్గానే, "వచ్చినాడు, ఇంగ పెట్టమ్మే" అని లోపలికి కేక వేసేది. ఆ కేక విని మా ఆవిడ కూడా పొయ్యి వెలిగించేది. రైలు ఆలస్యమైన రోజు నాకన్నా ఆమె కోడలే ఎక్కువ తిట్టుకునేది రైల్వేవాళ్ళను.

ఇక టెన్నిస్. దొరలు కట్టుకున్న క్లబ్బులో కోర్టొకటి మిగిలింది. అవ్వ కొడుకు, నేను అన్నా అని పిలిచే మనిషి, ఫ్యాక్టరీలో పని. ఆయనకి ఆ ఆట పిచ్చి. తన పిచ్చి కొడుక్కి పట్టించాడు. మనవడు పెరిగాడు, రాష్ట్రం తరఫున ఆడాడు, తర్వాత దాన్నే వృత్తి చేసుకుని ఊళ్ళు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. వృత్తి ఆటగాడంటే మనం టీవీలో చూసే కోటీశ్వరులే కాదు. రైల్లో పడుకుని పోయి, బట్టలు తనే ఉతుక్కుని, రాకెట్టుకు తీగ తనే బిగించుకుని మొదటి రౌండులో ఓడి మళ్ళీ రైలెక్కేవాళ్ళూ ఉంటారు. మావాడు ఆ రకం.

మొదటి టోర్నమెంటుకు వాడు బయల్దేరిన రోజు అవ్వ గోడకి పాత తలుపు పలక ఒకటి కొట్టించింది. దాని నిండా మేకులు దిగేయించింది. సోడా మూతలు సాగగొట్టించి చిల్లులు పొడిపించింది. మనవడికి తాత వాడిన ఇత్తడి బిళ్ళ. మిగతా ఆటగాళ్ళకు సోడా మూతలు. ఆట మొదలయ్యే రోజు పొద్దున అన్నీ తీసి ఒళ్ళో డబ్బాలో పోసుకునేది, అందరూ లోపలికి దిగినట్టు. ఎవడు ఓడితే వాడి మూత మేకెక్కేది, వాడు పైకొచ్చినట్టు.

ఏ ఆటగాడైనా చూస్తే గుండె పగిలి చచ్చేవాడు. ఓడినవాళ్ళందరికీ సంబరం, గెలిచినవాళ్ళ మీద దిగులు!

ఫలితాలు మోసుకొచ్చే పని నాది; ఆ రోజు ఆటలు ముగిసిన కబురు తెస్తేగాని ఆమె కంచం ముందు కూర్చునేది కాదు. తిరుగు రైల్లో ఫోను చూసి గుర్తుపెట్టుకోవాలి. పేర్లు ఆమెకు అక్కర్లేదు, తనే పెట్టుకునేది. గడ్డమోడు, పొడుగోడు, చెవిపోగోడు, శ్రీనివాసపురం మామిడి మండీ మేస్త్రి మొహమోడు. రోజూ రైల్లో నేను ఫోను చూసి "గడ్డమోడు ఔట్, మేస్త్రి మొహమోడు ఔట్" అని గొణుక్కుంటుంటే పక్క సీటాయన ఒకరోజు చెవి దగ్గరకొచ్చి, "సార్, బెట్టింగ్ కట్టడానికి యాప్ ఏది మంచిది?" అని అడిగాడు. ఏం చెప్పేది?

"ఎవరు గెలిచారు?" అని అవ్వ ఒక్కసారి కూడా అడగలేదు. "పైకొచ్చినోళ్ళెవురప్పా?" అదీ ప్రశ్న.

"మన పొడుగోడు గెలిచినాడవ్వా."

"అయ్యో, ఇంగా లోపలే ఉండాడా?"

"అయ్యో ఏంది, గెలిచినాడంటిని గదా!"

"అదే చెప్తా ఉండా గదప్పా. రేపు మళ్ళా దిగాల గదా వాడు."

అంకెలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది. ఎవడైనా కాలు బెణికి ఆట మధ్యలో మానేస్తే మాత్రం వదిలేది కాదు. వాడి మూత వంకరగా తగిలించి, మర్నాడు నేను చెప్పులు విడవకముందే, "ఆ పిల్లోడి కాలెట్లుండాది?" అనేది. ఎక్కడో చెక్ దేశపు కుర్రాడి మడమ కోసం నేను ఆఫీసులో భోజనం వేళ వెతుక్కునేవాణ్ణి. బాగయ్యాడంటే మూత సరిచేసేది.

టీవీలో పెద్ద పోటీలొస్తే అవీ చూసేది. ఎర్రమట్టి కోర్టు ఆమెకు నచ్చేది, మన బేతమంగళ పక్క చేను మాదిరుండాది అని. కానీ ఎవడైనా అందులో పడి దొర్లితే, "ఆ గుడ్డలుతికేదెవుర్రా నీకు, మీ అమ్మేనా?" అని టీవీని తిట్టేది. గడ్డి మీద తెల్లబట్టలతో ఆడేవాళ్ళని చూసి మరీ విస్తుపోయేది. ఫైనల్ అయ్యాక కప్పు ఎత్తుకున్నవాణ్ణి చూసే చూపు మాత్రం వేరు. అప్పుడు ఆఖరి మూత తగిలించి, "హమ్మయ్య, అందరూ వచ్చేసినారు" అని లేచి నడుం పట్టుకుని కంచం కోసం లోపలికి పోయేది.

షుగరుంది, ఇలా పస్తుంటే ఎలా అని కోడలు మొత్తుకుంటే మజ్జిగ తాగడానికి మాత్రం ఒప్పుకుంది. మజ్జిగ తిండి కాదని తీర్పు తనే చెప్పింది.

మనవడు మొదటిసారి మొదటి రౌండులోనే ఓడినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఫోను చేశాడు. వాళ్ళ నాయన ఫోను తీసుకోనంటూ తల తిప్పుకున్నాడు. అవ్వ లాక్కుంది.

"పైకొచ్చేసినావా నాయనా! బంగారు కొండ! దెబ్బలేం తగల్లేదు గదా? అన్నం తిన్నావా?"

అవతల వాడు పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత ఎప్పుడు ఓడినా ఫోను చేసి, "అవ్వా, పైకొచ్చేసినా" అనేవాడు. ఓడానన్న మాట వాడి నోట నేను మళ్ళీ వినలేదు. ఊరికూరికే ఓడుతూ కూడా వాడి మొహం మీద ఆ దెబ్బతిన్న కళ ఎందుకు రాలేదో నాకు తెలుసు.

కానీ అన్నకు ఇది కంపరంగా ఉండేది. ఏళ్ళు గడుస్తున్నాయి, కప్పన్నది లేదు. ఇల్లు గడిచేదెట్లా, వయసు ఆగుతుందా అని ఆయన బాధ. చివరికి కొడుకుతో తేల్చి చెప్పాడు. ఈ ఏడాదిలో ఒక్క టోర్నమెంటైనా గెలువు. గెలవకపోతే రాకెట్టు అటకెక్కించి వేమగల్ పక్క కంపెనీలో చేరిపో, మాట్లాడి పెట్టాను. మనవడు సరేనన్నాడు. లైనంతటికీ తెలుసు ఆ మాట. ఏడాది చివరకొచ్చింది. ఉత్తరాదిన ఏదో ఊళ్ళో ఆఖరి టోర్నమెంటు. మొదటి రౌండు, రెండోది, అలా అలా మావాడు ఫైనల్‌కొచ్చి కూర్చున్నాడు.

ఆ ఆదివారం పొద్దున అన్న ఇంట్లోంచి గొంతులు పెద్దవైతే నేను పరిగెత్తాను. ఆయన గోడమీది పలక ఊడబెరుకుతున్నాడు.

"ఈ ఒక్క దినం నువ్వు గమ్మునుండమ్మా! నీ కాళ్ళు మొక్కుతా. నువ్వు ఈడ కూర్చొని పైకి రా, పైకి రా అని జపం చేస్తే వాడింగ గెలిచేదెట్లా?"

పలకను మంచం కింద తోసేశాడు. అవ్వ పీట తీసుకుని వాకిట్లోకి పోయి, అనపచిక్కుడు కాయల బుట్ట ముందేసుకుని గింజలు వలుచుకుంటూ కూర్చుంది. డబ్బా, మూతలు కూడా అన్నే దాచేశాడు. ఇత్తడి బిళ్ళ మాత్రం ఆయనకు దొరకలేదు.

మధ్యాహ్నం మా ఇంట్లో చెంబుకు ఫోను ఆనించి ఆట పెట్టాం. లైనంతా మా ఇంట్లోనే. ఆ రోజు మాత్రం బొమ్మ వస్తోంది. గని మట్టి పోసిన సైనైడు దిబ్బల వైపునుంచి దుమ్ము లేస్తుంటే తలుపు వేసుకున్నాం. తలుపు సందులోంచి నాకు అవ్వ కనిపిస్తోంది. మజ్జిగ కూడా తాగలేదని కోడలు చెవిలో చెప్పింది.

మొదటి సెట్టు పోయింది. రెండోది మావాడు తెచ్చుకున్నాడు. మూడో దాంట్లో వెనకబడ్డాడు. అన్న ఇక చూడలేకపోయాడు. తలుపు తోసుకుని బయటికొచ్చాడు. ఎదురుగా తల్లి. గింజల బుట్ట పక్కన పెట్టి పిడికిలి బిగించి కూర్చుంది. ఆ పిడికిట్లో ఏముందో ఆయన కనిపెట్టాడు.

"చూసినావా, చూసినావా! నీ మనవడు ఓడిపోవాలనే గదా నువ్వు కోరుకొనేది! ఒక్క దినం, ఒక్క దినం వాణ్ణి గెలవనీలేవా?" ఆ పెద్ద మనిషి, నడివీధిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అవ్వ పీట మీదనుంచి లేచింది. కోపం రాలేదామెకు. ఆశ్చర్యం వేసినట్టుంది.

"ఒరే, ఓడమని నేనెప్పుడురా అనింది? పైకి రమ్మన్నా. ఓడినోళ్ళంతా ముందే వచ్చి ఇండ్లకు పోతారు. గెలిచినోడు ఆఖర్న వస్తాడు, ఒక్కడే వస్తాడు. వాడు మాత్రం లోపలే ఉండిపోతాడా? వాడూ ఇంటికి రావాల గదా. మీ నాయన ఆఖరి కేజీలో వచ్చిన దినాలు లేవా? అప్పుడు నేను తినేసి పడుకొన్నానా?"

అన్న కండువాతో మొహం తుడుచుకుని తన ఇంట్లోకి పోయాడు. మంచం కింద నుంచి పలక లాగి తెచ్చి, గోడకి తనే మేకు కొట్టి వేలాడదీశాడు. తర్వాత మా ఇంట్లోకి రాలేదు. తల్లి పక్కన గడప మీద కూర్చుని, బుట్టలో చెయ్యి పెట్టి అనపకాయలు వలవడం మొదలుపెట్టాడు. ఫోను ముందు ఎవరున్నారో, ఏమవుతోందో అడగలేదు.

లోపల మేం ఫోను మీదికి వంగిపోయాం. స్కోరు సమానమయ్యింది. మావాడు దాటాడు. మళ్ళీ సమానం. చివరి బంతి అవతలివాడు వలకు కొట్టాడు. మా ఇంట్లో లేచిన అరుపుకు వీధి కుక్కలు పరిగెత్తాయి. నేను పరిగెత్తుకుంటూ బయటికొచ్చి నోరు తెరిచేలోగా కోడలి చేతిలో ఫోను మోగింది. ఆమె దాన్ని అత్త చెవికి పెట్టింది.

"అవ్వా, పైకొచ్చేసినా."

"వచ్చినావా నాయనా. ఆలీసమైపాయె. అన్నం తిన్నావా?"

కప్పు గురించి ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. అన్నే ఆ ఇత్తడి బిళ్ళ తీసుకుని తగిలించాడు. అవ్వ నడుం పట్టుకుని లోపలికి పోతూ, "ఇంగ పెట్టమ్మే, అందరూ వచ్చేసినారు" అంది. ఆ సాయంత్రం లైను లైనంతా వీధిలోనే కూర్చుని అనపగింజల పులుసు, సంగటి తిన్నాం. అంత తృప్తిగా నేను పెళ్ళి భోజనం కూడా చేయలేదు. మా జేజి ఉంటే బాగుండుననిపించింది.

అవ్వకి బిళ్ళ లేదు. నీది కూడా ఒకటి పెట్టుకోరాదా అని ఒకసారి అడిగాను.

"నాకెందుకప్పా? నేను వాకిట్లోనే ఉండాను గదా, యాడికి దిగినాను?" అంది.

పోయిన మామిడికాయల కాలంలో మధ్యాహ్నం భోజనం చేసి, రెండు ముక్కలు పండు కూడా తిని పడుకుంది, మళ్ళీ లేవలేదు. కర్మలు అయ్యాక మనవడు ఆ పలకను నెత్తిన పెట్టుకుని మా ఇంటికి తెచ్చాడు.

"చిన్నాయనా, ఇది నీ దగ్గరే ఉండనీ. నాయన అయితే ఆట చూస్తాడు, అంకెలు చూస్తాడు. నీకు ఆటంటేనే గిట్టదు. నువ్వే సరైనోడివి."

పలకను మా గోడకి తగిలించుకున్నాను.

ఇదిగో, అంకెలు నిలబడ్డాయి. రెండో రౌండు, మూడో సెట్టు, మావాడి పక్కన చిన్న అంకె. ఫోను కిణుక్కుమంది.

"పైకొచ్చినా చిన్నాయనా. లేచి తిను."

లేచాను. డబ్బాలోంచి ఇత్తడి బిళ్ళ తీసి దాని మేకుకు తగిలించాను. పలక కింది వరసలో ఒక పాత సోడా మూత ఉంది, అది నాది. అవ్వ నా రైలు కోసం పెట్టింది. రోజూ పొద్దున నేను బయల్దేరేటప్పుడు దాని మేకు ఖాళీగా ఉంటుంది, మలుపు తిరిగి ఇంట్లోకొచ్చే వేళకి అది మేకెక్కి ఉంటోంది. ఆమె పోయి ఇన్నాళ్ళైనా దాన్ని రోజూ తీసి తగిలించేదెవరో నేను అడగలేదు. ఈ ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

"ఇంగ పెట్టమ్మే" అన్నాను. "మనోళ్ళందరూ వచ్చేసినారు."

మా ఆవిడ రెండు కంచాలు తెచ్చింది. ఆమె కూడా తినలేదు.